టీచరమ్మకు ఉత్తరం: మొండితనం అనుకునే ముందు

ప్రశ్న: టీచర్ గారికి నమస్కారం. మా మామగారికి డెబ్బై నాలుగేళ్ళు. అత్తయ్యగారు పోయాక మాతోనే ఉంటున్నారు. నేను పిలిస్తే పలకరు. రెండోసారి పిలిచినా పలకరు. మా ఆయన పక్కగదిలోంచి ఒక్క మాటంటే మాత్రం "ఏంట్రా" అంటారు. మా పాప స్కూలు కబుర్లు చెప్పబోతే "తర్వాత చూద్దాంలేమ్మా" అని పంపేస్తారు. కోడలంటే లెక్కలేదని నాకు అర్థమైపోయింది. ఇక పలకరించడం మానేద్దామనుకుంటున్నాను.
— ఒక కోడలు

జవాబు: మానెయ్యకండమ్మా. మీ ఆయన మాట్లాడితే పలుకుతారు, మీరూ పాపా మాట్లాడితే పలకరు అన్నారు చూడండి, కారణం నాకు అక్కడే కనిపిస్తోంది. వయసుతో వచ్చే వినికిడి లోపం అన్ని శబ్దాలనూ సమానంగా తగ్గించదు. ముందుగా పోయేవి ఎక్కువ పౌనఃపున్యం ఉన్న శబ్దాలు, అంటే సన్నగా, కీచుగా ఉండేవి. మగవాళ్ళ గొంతు మంద్రంగా ఉంటుంది కాబట్టి ఇంకా చెవిన పడుతుంది. ఆడవాళ్ళ గొంతు అంతకన్నా తక్కువగా, పిల్లల గొంతు మరీ తక్కువగా అందుతాయి.

ఇంకో సంగతి. మాటలో అచ్చులు కింది స్థాయిలో పలుకుతాయి, స, ష, త, ఫ లాంటి హల్లులు పై స్థాయిలో పలుకుతాయి. అందుకని ఆయనకు మీరేదో అంటున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. "తప్పు", "కప్పు" రెండూ ఒకేలా వినపడవచ్చు. మనవరాలిని మళ్ళీ మళ్ళీ చెప్పమని అడగడానికి పెద్దవాళ్ళకు ఎంత మొహమాటమో మనం ఊహించం. "తర్వాత చూద్దాంలేమ్మా" అన్నది ఆ మొహమాటమే అయివుంటుంది.

ముందు చెవి డాక్టరుకు చూపించండి. గులిమి గట్టిపడి చెవి మూసుకుపోయినా ఇలాగే ఉంటుంది, అదే అయితే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఇంట్లో పుల్లలూ బడ్సూ పెట్టి తీయబోకండి, లోపలికి ఇంకా నెట్టుకుపోతుంది. గులిమి కాకపోతే వినికిడి పరీక్ష చేస్తారు. మిషన్ పెట్టుకోమంటే మొదటి వారాల్లో ఆయన చిరాకు పడతారు. ఇన్నేళ్ళుగా వినపడని గిన్నెల చప్పుడూ ఫ్యాను హోరూ ఒక్కసారిగా మీద పడతాయి మరి. మెదడు సర్దుకోవడానికి వ్యవధి కావాలి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో రోజుకు గంటా రెండు గంటలతో మొదలుపెట్టించండి. "అంత డబ్బు పోసి కొన్నాం, పెట్టుకోరేం" అని మాత్రం అనకండి.

మిషన్ వచ్చేదాకా మీరు చేయగలిగిందీ ఉంది. వెనక నుంచి పిలవొద్దు. ఎదురుగా వచ్చి, మీ ముఖం మీద వెలుగు పడేలా నిలబడి, ఆయన మీ వైపు చూశాక మాట్లాడండి. అరవొద్దు, అరిస్తే మాట వంకర పోతుంది. మామూలు గొంతుతోనే కాస్త నిదానంగా చెప్పండి. అర్థం కాకపోతే అదే మాట నాలుగుసార్లు అనకుండా వేరే మాటలతో చెప్పండి. టీవీ మోగుతుండగా ఏమీ చెప్పొద్దు. ఈ చిట్కాలు పాపకూ నేర్పండి, పిల్లలు మనకన్నా తొందరగా పట్టుకుంటారు.

ఆలస్యం చేయొద్దని ఎందుకంటున్నానంటే, వినపడని మనిషి మెల్లగా మాట్లాడటం మానేస్తాడు, నలుగురిలోకి రావడం మానేస్తాడు. మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం అడ్డుకోగలిగిన కారణాల్లో వినికిడి లోపం ఒకటని వైద్య పత్రిక లాన్సెట్ నియమించిన నిపుణుల సంఘం 2017లో చెప్పింది, 2024 నివేదికలోనూ చెప్పింది. ఒకవేళ ఒక చెవి ఉన్నట్టుండి, ఒక్కరోజులో వినపడకుండా పోతే అది వేరే విషయం. ఆ రోజే డాక్టరు దగ్గరుండాలి.

ప్రశ్న: మావాడు తొమ్మిదో తరగతి. సాయంత్రం పుస్తకం పట్టుకుంటే రాత్రి పదకొండు దాటేదాకా కదలడు. ఒక్కో పాఠం నాలుగైదుసార్లు చదువుతాడు, రంగు పెన్నులతో గీతలు గీస్తాడు. అడిగితే అంతా వచ్చంటాడు. పరీక్షలో కూర్చుంటే ఏమీ గుర్తురాదట. పోయినసారి సైన్సు పేపర్లో సగం ఖాళీ. బద్ధకం కాదని నాకు తెలుసు. మరి బుర్ర లేదనుకోవాలా?
— ఒక తండ్రి

జవాబు: ఆ ఆఖరి మాట వాడి ముందు అనలేదు కదా? అని ఉంటే ఇవాళే పిలిచి, అది తప్పు మాటని చెప్పండి. సర్వీసంతా సైన్సు చెప్పినదాన్ని, మీ అబ్బాయి లాంటివాళ్ళు ప్రతి తరగతిలోనూ నాకు కనిపించారు. కష్టపడతారు, ఫలితం రాదు, తమ మీద తమకే నమ్మకం పోతుంది. వాళ్ళని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే లోపం వాళ్ళలో లేదు, చదివే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి మార్చుకోమని వాళ్ళకు ఎవరూ చెప్పరు.

పాఠం రెండోసారి చదివితే మొదటిసారి కన్నా తేలిగ్గా సాగుతుంది. మూడోసారి ఇంకా తేలిక. ఆ తేలికదనాన్ని పిల్లలు "వచ్చేసింది" అనుకుంటారు. నిజానికి వచ్చింది పరిచయం మాత్రమే. రోజూ బస్సులో చూసే మనిషి ముఖం ఇట్టే గుర్తుపడతాం, పేరు అడిగితే నోట రాదు. పరీక్ష అడిగేది పేరు. పుస్తకం మూసేసి, లోపలున్నదాన్ని బయటికి లాగే అభ్యాసం మీవాడు ఇంట్లో ఒక్కసారీ చేయడం లేదు. దాన్ని మొదటిసారి చేస్తున్నది పరీక్ష హాల్లో.

దీని మీద 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు చిన్న వ్యాసాలిచ్చారు. వ్యాసాన్ని రెండుసార్లు చదవడం ఒక పద్ధతి. ఒకసారి చదివి, కాగితం పక్కన పెట్టి, గుర్తున్నది రాయడం ఇంకో పద్ధతి. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళదే కాస్త పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులైంది. చదివి ఊరుకున్నవాళ్ళకు నూటికి 42 వంతులు గుర్తుంటే, గుర్తుచేసుకుని రాసినవాళ్ళకు 56 వంతులు గుర్తున్నాయి. మీవాడు రాత్రి పదకొండింటికి "అంతా వచ్చు" అన్నప్పుడు అబద్ధమాడటం లేదు. ఆ అయిదు నిమిషాలకు నిజంగానే వచ్చు.

కాబట్టి రేపటి నుంచి ఇలా చేయించండి. కాంతి పరావర్తనం పాఠం ఉందనుకోండి. ఒక్కసారి, అర్థం చేసుకుంటూ చదవాలి. పుస్తకం మూసి తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయాలి, పటం కూడా వేయాలి. మొదటిరోజు నాలుగు వాక్యాలే వస్తాయి, వాడికి ఏడుపొస్తుంది. ఆ సమయంలో మీరు పక్కన ఉండండి. గుర్తు రాక తన్నుకులాడటమే అసలు చదువని చెప్పండి. తర్వాత పుస్తకం తెరిచి, తను వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చాలి. మళ్ళీ చదవాల్సింది ఆ ఎర్రగా ఉన్నది మాత్రమే.

మర్నాడు కొత్త పాఠం ముట్టుకునే ముందు, నిన్నటిది చూడకుండా మళ్ళీ ఒక కాగితం. మూడు నాలుగు రోజుల తర్వాత ఇంకోసారి, పది పన్నెండు రోజులకు మరోసారి. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను తనే బట్టీపట్టి, తన మరుపును తనే కొలుచుకుని 1885లో పుస్తకం వేశాడు. మరుపు మొదట్లో చాలా వేగంగా ఉంటుందనీ, తర్వాత నెమ్మదిస్తుందనీ అందులో చూపించాడు. అందుకే మొదటి పునశ్చరణ మర్నాడే జరగాలి, తర్వాతవి ఎడం పెంచుకుంటూ పోవచ్చు. లెక్కల్లో అయితే ఒకే రకం లెక్కలు ఇరవై వరసగా చేయించకండి, రెండు మూడు పాఠాలవి కలిపి ఇవ్వండి. ఏ సూత్రం వాడాలో తేల్చుకోవడం కూడా నేర్చుకోవాల్సిందే కదా.

ఇక రాత్రి పదకొండు దాటేదాకా అన్నారు. పొద్దున్నే ఎన్నింటికి లేస్తాడో రాయలేదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్యుల అకాడమీ 2016లో సిఫారసు చేసింది. పగలు చదివింది కుదురుకునేది నిద్రలోనే. నిద్ర కోసి చదువుకు అతికితే రెండూ దక్కవు.

వీటన్నిటికన్నా ముందు ఒక చిన్న పరిశీలన చేయండి. అదే సైన్సు పేపరు తీసి, ఇంట్లో నోటితో జవాబులు అడగండి. నోటితో బాగా చెప్పి, రాయడంలోనే తడబడుతున్నా, గట్టిగా చదవమంటే అక్షరాలు తారుమారు చేస్తున్నా, వయసుకు మించి కూడబలుక్కుంటున్నా అది చదవడంలో ఇబ్బంది కావచ్చు. దాన్ని పరీక్షించే నిపుణులున్నారు, స్కూల్లో మాట్లాడండి. కళ్ళు కూడా చూపించండి. బోర్డు కనపడక మార్కులు పోగొట్టుకునే పిల్లలు, తమకు కనపడటం లేదన్న సంగతి తమకే తెలియని పిల్లలు ఉంటారు.

ప్రశ్న: మా పదకొండేళ్ళ అమ్మాయి పుట్టినరోజుకు కుక్కపిల్ల కావాలంటోంది. "స్నానం, తిండి, శుభ్రం అన్నీ నేనే చూసుకుంటాను" అని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఫ్రిజ్ మీద అంటించింది. తెలిసినవాళ్ళింట్లో నాలుగు వారాల పిల్లలున్నాయి. చిన్నప్పుడే తెచ్చుకుంటే బాగా మాలిమి అవుతాయంటున్నారు. తెచ్చుకోమంటారా?
— ఒక అమ్మ

జవాబు: ఆ కాగితం దాచిపెట్టండి, పెద్దయ్యాక చూసుకుని మురిసిపోతుంది. దాన్ని నమ్ముకుని కుక్కను మాత్రం తేకండి. మీ అమ్మాయి మాట మీద అపనమ్మకంతో అనడం లేదు. కుక్క పది పన్నెండేళ్ళు, బాగా చూసుకుంటే అంతకన్నా ఎక్కువే బతుకుతుంది. అప్పటికి మీ అమ్మాయికి ఇరవై దాటుతుంది, చదువుకో ఉద్యోగానికో ఎక్కడుంటుందో. కుక్క మీ దగ్గరే ఉంటుంది. అందుకని అమ్మాయికి కావాలా అని కాకుండా, మీకు కావాలా, మీ ఇంట్లో ఇంకో పెద్దవాళ్ళకు కావాలా అని అడుక్కోండి. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండని పక్షంలో వద్దనే చెబుతాను. ఎనిమిది తొమ్మిది గంటలు ఒంటరిగా కట్టేసి ఉంచడానికి ఒక ప్రాణిని తేవడం నాకు సమ్మతం కాదు.

కావాలనే తేల్చుకుంటే, నాలుగు వారాల పిల్లను తల్లి దగ్గర్నుంచి తీయొద్దు. కనీసం ఎనిమిది వారాలు నిండాలి. ఆ నెలరోజుల్లో అది తోబుట్టువులతో ఆడుతూ కొరుకుతుంది. గట్టిగా కొరికితే అవతలిది కీచుమని ఆట మానేస్తుంది, తల్లి గుర్రుమంటుంది. ఎంత కొరకొచ్చో, ఎక్కడ ఆపాలో అలా నేర్చుకుంటుంది. ముందే తెచ్చేస్తే ఆ పాఠం మీ అమ్మాయి చేతుల మీద నేర్చుకోవాల్సి వస్తుంది.

మాలిమి సంగతి నిజమే. మూడో వారం నుంచి దాదాపు పద్నాలుగో వారం దాకా దాని బుర్ర కొత్తవాటికి తెరుచుకుని ఉంటుంది. ఆ రోజుల్లో మనుషులను, పిల్లలను, వాహనాల చప్పుళ్ళను భయం లేకుండా చూస్తే పెద్దయ్యాక నెమ్మదిగా ఉంటుంది. ఎనిమిదో వారంలో తెచ్చుకున్నా మీకు కావలసినంత వ్యవధి ఉంది. అయితే టీకాలు పూర్తవకుండా నేల మీద తిప్పొద్దు. పార్వో వైరస్ కుక్కపిల్లలను రెండు మూడు రోజుల్లో నీరసింపజేసి చంపగలదు, మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. చేతుల్లో ఎత్తుకుని తిప్పండి, లోకాన్ని అక్కణ్ణుంచి చూస్తుంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయిస్తారు. ఒక్కటి సరిపోదా అని చాలామంది అడుగుతారు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అది ఎప్పుడు తగ్గిపోతుందో ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి అన్నిసార్లు వేయాల్సి వస్తుంది. నులిపురుగుల మందు కూడా డాక్టరు చెప్పిన లెక్కన పట్టించండి. ఆ పురుగులు కొన్ని మనుషులకూ, ముఖ్యంగా చేతులు కడుక్కోని పిల్లలకూ అంటుకుంటాయి.

నిద్ర లేవగానే, తినగానే, ఆడటం ఆపగానే ఒకటికి రెండుకు బయటికి తీసుకెళ్ళండి. బయట పోస్తే అక్కడికక్కడే మెచ్చుకోండి. ఇంట్లో పోసిన అరగంటకు చూసి తిడితే దానికి ఎందుకు తిడుతున్నారో తెలియదు, మీరంటే భయం మాత్రం మిగులుతుంది. మీ అమ్మాయికి నీళ్ళ గిన్నె, దువ్వడం, సాయంత్రం మీతో కలిసి నడకకు తీసుకెళ్ళడం అప్పగించండి. అంతవరకు పదకొండేళ్ళ పిల్ల చక్కగా చేస్తుంది. అన్నట్టు, రెండు మూడేళ్ళ పెద్ద కుక్కకు ఇల్లు ఇవ్వడం గురించి కూడా ఆలోచించండి. దాని స్వభావం ముందే తెలుస్తుంది.

ప్రశ్న: మా మగపిల్లికి మూడేళ్ళు. నేను వారం రోజులు ఊళ్ళో లేను. వచ్చినప్పటి నుంచి దాని మట్టి ట్రే వదిలేసి నా పరుపు మీద పోస్తోంది. వదిలి వెళ్ళానని పగబట్టిందని అందరూ అంటున్నారు.
— పేరు రాయని పాఠకురాలు

జవాబు: పగ కాదు. ఈ మాట నమ్మి పిల్లిని కొట్టినవాళ్ళున్నారు, మీరు కొట్టలేదని అనుకుంటున్నాను. ఈ పేజీ పక్కన పెట్టి ముందు దాన్ని గమనించండి. మాటిమాటికీ కూర్చుంటోందా? ముక్కుతోందా, అరుస్తోందా? చుక్క చుక్క పడుతోందా, అసలు పడటమే లేదా? వీటిలో ఏదున్నా తెల్లారేదాకా ఆగకండి. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం. అది మూసుకుపోతే విషపదార్థాలు రక్తంలో నిలిచిపోతాయి, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. నొప్పేమోనని మన పారాసెటమాల్ అస్సలు ఇవ్వొద్దు. పిల్లి కాలేయం ఆ మందును విరగ్గొట్టలేదు, రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. చిన్న ముక్క కూడా ప్రాణాంతకమే.

మూత్రం ధారగానే వస్తుంటే అంత అత్యవసరం కాదు, అయినా పశువైద్యుడి దగ్గర మూత్ర పరీక్ష చేయించండి. ఇంట్లో మార్పు వస్తే, రోజూ చూసే మనిషి కనపడకపోతే పిల్లికి దిగులు వస్తుంది, ఆ దిగులుకే మూత్రాశయం వాచే పిల్లులున్నాయి. పోసేటప్పుడు మంట పుట్టిన చోటు మీద దానికి భయం పడుతుంది. అందుకే ట్రే మానేస్తుంది. మెత్తగా, మీ వాసనతో ఉండే పరుపు దానికి ధైర్యంగా ఉండే చోటు.

ట్రే రోజూ ఎత్తిపోయండి. సుగంధం కలిపిన మట్టి వాడకండి. ట్రే దాని తిండి గిన్నె పక్కన ఉండకూడదు, వాషింగ్ మెషీన్ లాంటి చప్పుడు వస్తువు పక్కనా ఉండకూడదు. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ ట్రేలు పెట్టడం మంచిది, అంటే మీకు రెండు. పరుపును అమ్మోనియా వాసన ఉన్న ద్రావకాలతో కడగొద్దు, అది దానికి మూత్రం వాసనలాగే ఉంటుంది. ఎంజైములున్న క్లీనర్లు దొరుకుతాయి, అవి వాడండి.

ప్రశ్న: మా మనవడికి నాలుగేళ్ళు. అన్నీ ఎడమచేత్తోనే. నేను కుడిచేతికి మారుస్తుంటే కోడలు వద్దంటుంది. ఎవరిది సబబు?
— ఒక నానమ్మ

జవాబు: మీ కోడలిది, పెద్దమ్మా. నూటికి సుమారు పదిమంది అలాగే పుడతారు. అది అలవాటు కాదు, మెదడు అమరిక. బలవంతంగా మారిస్తే రాత పాడవుతుంది, పిల్లాడికి తనలో ఏదో తప్పుందన్న బెంగ పట్టుకుంటుంది. రాయడం మొదలుపెట్టాక కాగితం పై అంచును కొంచెం కుడివైపుకు వాల్చి పెట్టండి, తను రాసింది తనకు కనపడుతుంది, చెయ్యి చెరిపెయ్యదు. బల్ల మీద ఎడమ కొసన కూర్చోబెట్టమని టీచరుకు చెప్పండి, పక్కవాడి మోచేయి తగలదు. ఎడమచేతి కత్తెరలు కూడా ఉన్నాయి. ఒకటి మీ చేత్తోనే కొనిపెట్టండి.

ప్రశ్న: మా సొంత కుక్కే ఆడుతూ ఆడుతూ పంటితో గీరింది. చుక్క రక్తం వచ్చింది, అంతే. దానికి టీకాలు వేయించాం. పది రోజులు కుక్కను చూసి, ఏమైనా తేడా ఉంటే అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చని స్నేహితులంటున్నారు.
— ఒక యువకుడు

జవాబు: బాబూ, మీ స్నేహితులు సగం విని మిగతా సగం వదిలేశారు. పది రోజులు కుక్కను చూడటమన్నది ఉంది. అది రేబిస్ (పిచ్చికుక్క జబ్బు) రాకుండా చికిత్స మొదలుపెట్టాక, ఇంకా సూదులు అవసరమా లేదా అని డాక్టరు తేల్చుకోవడానికి. మొదలుపెట్టకుండా ఆగడానికి కాదు. కుక్కకు టీకా వేసిన కార్డు తీసుకుని వెళ్ళండి, ఏం చేయాలో ఆయన నిర్ణయిస్తారు. అది మీరో నేనో నిర్ణయించే విషయం కాదు.

గీరినప్పుడు ఏం చేశారో రాయలేదు. కరిచినా గీరినా వెంటనే చేయాల్సింది సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగడం. గడియారం చూసుకుని కడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇదే. రేబిస్ వైరస్ కొవ్వు పొరతో ఉంటుంది, సబ్బు దాన్ని కరిగిస్తుంది. పసర్లూ పొడులూ పూయకండి, కట్టు గట్టిగా కట్టకండి. అప్పుడు కడగకపోయినా ఇప్పుడు కడిగి బయల్దేరండి.

రేబిస్ వైరస్ నరాల వెంట నెమ్మదిగా మెదడు వైపు పాకుతుంది. లక్షణాలు కనపడటానికి సాధారణంగా వారాలు, నెలలు పడుతుంది. ఆ వ్యవధిలోపల ఒంట్లో రక్షణ తయారవ్వాలి. కరిచాక వేసే టీకా పనిచేసేది అందుకే. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ మొదలుపెట్టించిన చికిత్సతో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ళ జోసెఫ్ మీస్టర్ బతికాడు. లక్షణాలు మొదలయ్యాక మాత్రం, ఇన్నేళ్ళ తర్వాత ఇవాళ్టికి కూడా, బతికినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. బొడ్డు చుట్టూ సూదులన్నది పాతమాట. ఇప్పుడు చేతికే వేస్తారు. డాక్టరు రాసిన తేదీల్లో ఒక్కటీ తప్పించకండి. కుక్కను కొట్టకండి, దానికి అది ఆటే.

ప్రశ్న: మా ముసలి కుక్క పోయింది. మా నాలుగేళ్ళ బాబు అడిగితే "నిద్రపోయింది నాన్నా" అని చెప్పాం. ఇప్పుడు రాత్రయితే పడుకోనంటున్నాడు. నేను పడుకున్నా లేపుతున్నాడు. ఏం చేయాలి?
— ఒక తల్లి

జవాబు: వాడు మీ మాట నమ్మాడమ్మా. నిద్రపోతే లేవరని, ఎవరికీ కనపడకుండా పోతారని వాడికి అర్థమైంది. మిమ్మల్ని లేపడం అల్లరి కాదు, మీరున్నారో లేదో చూసుకుంటున్నాడు. దగ్గరికి తీసుకుని నిజం చెప్పండి. "కుక్క చనిపోయింది. చాలా ముసలిదై, ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది. చనిపోతే గుండె కొట్టుకోదు, ఊపిరి ఆడదు, ఆకలి వేయదు, నొప్పి ఉండదు. నిద్ర వేరు. నిద్రలో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది." వాడి చెయ్యి మీ గుండె మీద పెట్టి చూపించండి, తర్వాత వాడి గుండె మీద పెట్టండి.

ఇదంతా చెప్పాక కూడా రేపు "ఎప్పుడొస్తుంది" అని అడుగుతాడు. కంగారుపడకండి. చావంటే తిరిగిరాకపోవడమని పిల్లలకు స్థిరంగా తెలిసేది అయిదు నుంచి ఏడేళ్ళ మధ్య. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు అదే జవాబు, అవే మాటల్లో చెప్పండి. "నేను తోక లాగాను, అందుకా?" అని కూడా లోపల అనుకుంటూ ఉండొచ్చు. అడగకపోయినా, నీవల్ల కాదని చెప్పండి. మీకు ఏడుపొస్తే వాడి ముందు ఏడవండి, దాచొద్దు. వెంటనే ఇంకో కుక్కపిల్లను తెచ్చి మరిపించే ప్రయత్నం మాత్రం చేయకండి. పోయినదాన్ని తలుచుకోవడానికి వాడికి కొన్నాళ్ళు కావాలి.

ప్రశ్న: టీచర్, నేను ఏడో తరగతి. మా అమ్మా నాన్నా రోజూ గొడవపడతారు. చాలాసార్లు నా మార్కుల గురించే మొదలవుతుంది. నేను ఫస్ట్ వస్తే ఆగిపోతుందా? అప్పుడు నేను కుక్కని పట్టుకుని బాల్కనీలో కూర్చుంటాను. ఇది మా ఇంట్లో చూస్తారేమో, నా పేరు వేయొద్దు.
— ఏడో తరగతి

జవాబు: తల్లీ, నీ పేరు వేయలేదు. ఉత్తరం రాసినందుకు నువ్వంటే నాకు చాలా గౌరవం కలిగింది.

నువ్వు అడిగినదానికి సూటిగా చెబుతాను. నువ్వు ఫస్ట్ వచ్చినా ఆగదు, ఆఖరున వచ్చినా పెరగదు. గొడవ నీ మార్కులతో మొదలవుతుంది గానీ నీ మార్కుల వల్ల జరగదు. పెద్దవాళ్ళకు డబ్బు గురించో, పని గురించో, ఒకరి మాట ఒకరు వినకపోవడం గురించో లోపల బాధ ఉంటుంది, చేతికి దొరికిన విషయం మీద అది బయటపడుతుంది. దాన్ని సరిచేయడం వాళ్ళ పని. నీ పని కాదు. మధ్యలోకి వెళ్ళి ఆపాలని చూడకు, ఎవరి పక్షమో చెప్పమంటే "నాకు ఇద్దరూ కావాలి" అని చెప్పు.

కుక్కతో కూర్చోవడం మంచి పనే, ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చో. దాంతోపాటు మాట్లాడి జవాబు చెప్పే మనిషి ఒకరు కావాలి. అమ్మమ్మో, పిన్నో, నీకు నచ్చిన టీచరో. "ఇంట్లో గొడవలవుతుంటే నాకు భయమేస్తోంది" అని ఆ ఒక్క వాక్యం చెప్పు చాలు, మిగతాది వాళ్ళు అడుగుతారు. ఇంట్లో ఎవరైనా ఎవరినైనా కొడుతుంటే, నిన్ను కొడుతుంటే, ఇవాళే చెప్పు. అది ఇంటి గుట్టు బయటపెట్టడం కాదు. మొదట చెప్పినవాళ్ళు పట్టించుకోకపోతే ఇంకొకరికి చెప్పు.

ఇక ఈ పేజీ చదువుతున్న అమ్మానాన్నలకు నాలుగు మాటలు, ఎందుకంటే ఈ పాప ఎవరింట్లో పాపో మనకు తెలియదు. మీ ఇంట్లో పాపే కావచ్చు. తలుపు వేసుకుంటే పిల్లలకు వినపడదనుకోకండి. మాటలు వినపడకపోయినా గొంతు వినపడుతుంది. పిల్లల పేరు, మార్కులు, చదువు ఖర్చు మీ వాదనలోకి లాగకండి. ఎన్ని జాగ్రత్తలు పడినా ఒక్కోసారి వాళ్ళ ముందే మాటా మాటా పెరుగుతుంది. అప్పుడు రాజీ కూడా వాళ్ళ ముందే పడండి. చాలా ఇళ్ళలో తగాదా హాల్లో జరుగుతుంది, సర్దుబాటు అర్ధరాత్రి గదిలో జరుగుతుంది. పిల్లలు మొదటి సగమే చూస్తారు. గొడవ ఎలా ముగిసిందో చూసిన పిల్లలు చూడని పిల్లలకన్నా త్వరగా తేరుకుంటారని దీన్ని పరిశీలించిన మనస్తత్వవేత్తలు చెప్పారు. పొద్దున్నే "రాత్రి నేను గట్టిగా మాట్లాడాను, అది నీవల్ల కాదు, మేమిద్దరం మాట్లాడుకున్నాం" అని చెప్పండి. మీ అంతట మీరు తెమల్చుకోలేనంతగా ఉంటే, ఇద్దరూ కలిసి ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి. వెళుతున్నామని పిల్లలకూ చెప్పండి.